బీఆర్క్ తర్వాత అమెరికాలో ఎం.ఆర్క్: దరఖాస్తు నుంచి సీటు ఖాయం చేసుకునే దాకా

ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ పూర్తయి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతే చాలు, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం మిమ్మల్ని ఆర్కిటెక్టుగా గుర్తిస్తుంది. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవడానికి ఎం.ఆర్క్ లాంటి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు. ఈ మాట ముందే ఎందుకంటే, పెద్దమ్మ కొడుకు ఎమ్మెస్‌కు వెళ్లాడు కాబట్టి మనమూ వెళ్లాలన్న లెక్క మన ఇళ్లలో బాగా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ జీతంతో అతను రెండు మూడేళ్లలో తీర్చేసే అప్పు ఆర్కిటెక్టు జీతంతో అంత త్వరగా తీరదు.

మన పెద్ద ఆర్కిటెక్టుల్లో చార్లెస్ కొరియా మిషిగన్‌లోనూ ఎంఐటీలోనూ చదివి వచ్చారు. అచ్యుత్ కన్విందే హార్వర్డ్‌లో వాల్టర్ గ్రోపియస్ దగ్గర చదివారు. 2018లో ఆర్కిటెక్చర్ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న బాలకృష్ణ దోషి మాత్రం మాస్టర్స్ జోలికి పోలేదు, ప్యారిస్ వెళ్లి లె కార్బూజియే ఆఫీసులో చేరారు. ముగ్గురూ తిరిగొచ్చి ఎక్కువగా ఇక్కడే కట్టారు.

అందుకని మొదటి పని ఇది. ఆఫీసులో నేర్చుకోలేనిది, అక్కడికి వెళ్తేనే దొరికేది ఏమిటో ఒక కాగితం మీద రెండు వాక్యాల్లో రాయండి. కాలేజీలో పాఠం చెప్పాలనుకోవడం ఒక జవాబు, దానికి మాస్టర్స్ అడుగుతారు. వేడి ప్రాంతాల్లో భవనాల శక్తి వినియోగం మీద పనిచేయాలనుకోవడం ఇంకో జవాబు. కొన్నేళ్లు అక్కడే ఉద్యోగం చేయాలనుకోవడం కూడా జవాబే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ‘ఎక్స్‌పోజర్’ అని రాశారంటే మాత్రం ఇంకా జవాబు దొరకలేదన్నమాట. ఈ ఏడాది ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ ఆలోచించండి. రెండేళ్లు సైటు దుమ్ము పీల్చిన వాళ్ల దరఖాస్తు ఎప్పుడూ బరువుగానే ఉంటుంది.

డిగ్రీ పేరు దగ్గరే తేడా వస్తుంది

అమెరికాలో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ అంటే ఒక్కటే కోర్సు కాదు. వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసిన వాళ్ల కోసం మూడు, మూడున్నరేళ్ల ఎం.ఆర్క్ ఉంటుంది. దీన్ని కొన్ని చోట్ల ఎం.ఆర్క్ 1 అంటారు. మనలా ఐదేళ్ల వృత్తి డిగ్రీ చేతిలో ఉన్న వాళ్లకు ఎం.ఆర్క్ 2 అనో ఎమ్మెస్ అనో ఏడాది నుంచి రెండేళ్ల కోర్సు ఉంటుంది. యేల్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఎంఐటీలో మనవాళ్లు ఎక్కువగా చూసే ఎస్ఎంఆర్క్ఎస్ అనే మాస్టర్స్ కోర్సు రెండేళ్లు. కొలంబియాలో అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ మూడు సెమిస్టర్లు, అది ఎండాకాలంలోనే మొదలవుతుంది. ఆగస్టు కదా అని తీరిగ్గా కూర్చుంటే వీసాకు సమయం మిగలదు.

పొట్టి కోర్సు చవక, త్వరగా అయిపోతుంది, మరి పొడుగుదాని జోలికి ఎవరైనా ఎందుకు వెళ్తారు? లైసెన్సు కోసం. ఆర్కిటెక్చర్ కోర్సులను పరిశీలించే ఎన్ఏఏబీ అనే అమెరికా సంస్థ ఇచ్చే గుర్తింపు సాధారణంగా పొడుగు ఎం.ఆర్క్‌కే ఉంటుంది, ఎం.ఆర్క్ 2కీ ఎమ్మెస్‌కీ ఉండదు. ఆ గుర్తింపు లేని డిగ్రీతో అక్కడ లైసెన్సు కావాలంటే మీ బీఆర్క్‌ను విడిగా మూల్యాంకనం చేయించుకోవాలి, లోటున్న సబ్జెక్టులు పూర్తి చేయాలి. ఏ దారిలో వెళ్లినా 3,740 గంటల అనుభవం నమోదు, ఆరు భాగాల పరీక్ష మామూలే. నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అక్కడ స్థిరపడాలనుకునే వాళ్లు, మన బీఆర్క్ చూసి మొదటి ఏడాది మినహాయించే గుర్తింపు పొందిన ఎం.ఆర్క్‌లు ఉన్నాయేమో వెతకాలి. రెండు మూడేళ్లు పనిచేసి తిరిగొచ్చేద్దామనుకునే వాళ్లకు ఈ తలనొప్పి అక్కర్లేదు. వాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది: పొట్టి కోర్సు డిగ్రీని ఇక్కడ సమాన డిగ్రీగా ఒప్పుకుంటారా లేదా అన్నది. బోధన మీద కన్నుంటే ఇది చేరకముందే తేల్చుకోండి.

ఇంకో చిన్న అంకె ఉంది, దాన్ని కన్సల్టెన్సీల వాళ్లు చాలాసార్లు చెప్పరు. చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలకు ఇస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సయితే ఇంకో 24 నెలలు కలుస్తుంది. ఒక్కో రకం కోర్సుకు ఒక్కో కోడ్ అంకె ఉంటుంది. మామూలు ఆర్కిటెక్చర్ కోడ్ 04.0201 ఆ జాబితాలో లేదు. ఆర్కిటెక్చరల్, బిల్డింగ్ సైన్సెస్ కోడ్ 04.0902 ఉంది. చాలా ఆర్కిటెక్చర్ పాఠశాలలు తమ కోర్సులను ఈ రెండో కోడ్ కిందికి మార్చుకున్నాయి, అన్నీ కాదు. ఒకే పాఠశాలలో ఒక కోర్సుకు ఉండి పక్క కోర్సుకు లేకపోవచ్చు. అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి కోడ్ అంకె అడగండి. తర్వాత వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చినప్పుడు మొదటి పేజీలో మేజర్ అన్నచోట అదే అంకె ఉందో లేదో చూడండి. ఒక ఏడాదికీ మూడేళ్లకీ ఉన్న తేడా ఆ ఆరు అంకెల్లోనే ఉంది.

అమెరికా ఒక్కటే కాదు

డెల్ఫ్ట్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. మిలాన్ పాలిటెక్నిక్‌లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు లేదన్నది నిజమే, కానీ ఆర్కిటెక్చర్ మాస్టర్స్ ఎక్కువ భాగం జర్మన్ భాషలో నడుస్తాయి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టరు నుంచి మనలాంటి దేశాల వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. భారతీయులకు, చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా తప్పనిసరి.

ఇక్కడ ఉండేవాళ్లకు గేట్‌లో ఏఆర్ (ఆర్కిటెక్చర్) పేపరు ఉంది. దాన్ని ఎలాగూ రాసి పెట్టుకోండి. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో వస్తాయి, అంటే అమెరికా జవాబులు వచ్చే రోజుల్లోనే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఢిల్లీ, విజయవాడ, భోపాల్ ఎస్పీఏలు (ప్లానింగ్, ఆర్కిటెక్చర్ విద్యాసంస్థలు), రూర్కీ, ఖరగ్‌పూర్ ఐఐటీలు, సొంత ప్రవేశ పద్ధతి ఉన్న అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం, ఇవేవీ రెండో రకం చదువులు కావు. కట్టడాల పరిరక్షణ చదవాలనుకునే వాళ్లకు ఇక్కడి ఊళ్ల కంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలియదు.

క్యాలెండర్

ఆగస్టులో చేరాలంటే అంతకు ముందు ఏడాది జూన్‌లో మొదలుపెట్టాలి. గడువులు ఎక్కువగా డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఉంటాయి. జూన్, జులైలలో పాఠశాలల జాబితా, పాత ఫైళ్ల వెతుకులాట. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మీ పనులు ఏర్చి కూర్చిన పుస్తకం, అంటే పోర్ట్‌ఫోలియో. సెప్టెంబరులో ఇంగ్లిష్ పరీక్ష, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. జీఆర్‌ఈని చాలా ఆర్కిటెక్చర్ పాఠశాలలు వదిలేశాయి, మీ జాబితాలో ఎవరైనా అడుగుతున్నారో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ట్రాన్స్‌క్రిప్టులకు (మార్కుల పత్రాలకు) మాత్రం జులైలోనే దరఖాస్తు పెట్టండి. మా విశ్వవిద్యాలయంలో నా కాగితం ఏడు వారాలు ఒకే బల్ల మీద ఉంది. అక్కడి గుమాస్తా గారికి నా మీద కోపమేమీ లేదు, ఆ బల్ల తీరే అంత.

ఆరు పాఠశాలలు చాలు. పన్నెండు పెడితే పన్నెండు చోట్లా, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే అదే ఎస్‌ఓపీ వెళ్తుంది, చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. జాబితా వేయడానికి ర్యాంకులు చూడకండి. ప్రతి పాఠశాలా ఏటా విద్యార్థుల పని ప్రదర్శిస్తుంది. గత రెండేళ్ల పని తీసి ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ‘ఈ డ్రాయింగ్ నేను గీసి ఉంటే బాగుండేది’ అనిపించిన చోట పేరు రాసుకోండి. అలా ఒక్కసారి కూడా అనిపించని పాఠశాల ఎంత పేరున్నదైనా కొట్టేయండి.

పోర్ట్‌ఫోలియో

అసలు పరీక్ష ఇదే. మార్కులు, ఎస్‌ఓపీ, లేఖలు అన్నీ దీని పక్కవాయిద్యాలు.

కిందటి ఏడాది ఒక జూనియర్ అమ్మాయి తన పోర్ట్‌ఫోలియో తెచ్చింది. ముప్ఫై రెండు పేజీలు. రెండో పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా ఒక షాపింగ్ మాల్, సంధ్యాకాంతిలో మెరిసే గాజు, ఆకాశంలో పక్షులు, ముందు ఎక్కడివో విదేశీ మనుషులు. తర్వాత ఒక ఆసుపత్రి, ఒక విల్లా. ఇరవై మూడో పేజీలో, ఒక మూలన, అరచేయంత బొమ్మ కనిపించింది. రెండో ఏడాదిలో పోచంపల్లిలో ఒక చేనేత ఇంటిని కొలిచి గీసిన సెక్షన్, అంటే నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ. గుంట మగ్గం నడిమధ్యగా కోత వేసింది. నేతగాడు నేల మట్టానికి కూర్చుంటే కాళ్లు గుంటలో ఉన్నాయి, కిటికీ అంచు సరిగ్గా నాడె పరుగెత్తే ఎత్తుకు ఉంది, వెలుగు వచ్చి చేతుల మీద పడుతోంది. అంగుళాలు వేసి ఉంది. పక్కనే పెన్సిలుతో ‘వర్షం వస్తే గుంటలోకి నీళ్లు ఊరతాయి’ అని రాసి ఉంది.

‘ఇది ఇక్కడ ఎందుకు పెట్టావమ్మా?’ అని అడిగాను. ‘అది డిజైన్ కాదు కదండీ, డాక్యుమెంటేషన్’ అంది.

మాల్ తీసేశాం. ఆ సెక్షన్‌ను రెండు పేజీల నిండా పరిచి మొదట పెట్టాం. దాని వెనకాలే, అదే గుంటలో నీళ్ల సమస్య నుంచి పుట్టిన ఆమె ఐదో ఏడాది థీసిస్, నేత కార్మికుల ఇళ్లు. అప్పుడు పుస్తకానికి ఒక ఆలోచన వచ్చింది: పనిచేసే చేతి నుంచి గది కొలత మొదలవుతుంది. మిగిలిన ప్రాజెక్టుల్లో ఆ మాటకు కలిసినవి ఉంచాం, కలవనివి పోయాయి. ముప్ఫై రెండు పేజీలు ఇరవై రెండయ్యాయి.

మీరూ ఇలాగే చేయండి. అన్ని ప్రాజెక్టులనూ పోస్టుకార్డంత బొమ్మలుగా ప్రింటు తీసి నేల మీద పరచండి. ఆర్కిటెక్చర్‌తో సంబంధం లేని ఒక మనిషిని, అమ్మనో పక్కింటి మాస్టారునో, పిలిచి ఏది చూస్తూ ఆగిపోతారో గమనించండి. నాలుగు లేదా ఐదు ప్రాజెక్టులు ఉంచండి. ఒక్కోదానికి ఒక పెద్ద బొమ్మ, దాన్ని అర్థం చేయించే ప్లానూ సెక్షనూ, చేత్తో గీసిన తొలి గీతలు ఒకటి రెండు, నాలుగు వాక్యాలకు మించని రాత. తెలిసీ తెలియని సాఫ్ట్‌వేర్‌తో చేసిన రెండర్ కంటే, కార్డ్‌బోర్డు మోడల్‌ను కిటికీ వెలుగులో తీసిన ఫొటో ఎంతో నయం. ఉద్యోగంలో గీసిన వర్కింగ్ డ్రాయింగులు ఉంటే ఒక పేజీ పెట్టండి, ఆఫీసు అనుమతి అడిగి, అందులో మీరు చేసింది ఎంతో స్పష్టంగా రాసి. గ్రూపు పని అయితే మీ వంతు ఏమిటో రాయాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, చాలా పాఠశాలల నిబంధన.

పేజీల పరిమితి, ఫైలు బరువు ఒక్కో చోట ఒక్కో రకం. తుది ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచి, కుర్చీ రెండు అడుగులు వెనక్కి జరిపి చదవండి. అక్షరాలు కనిపించకపోతే దరఖాస్తులు చూసే జ్యూరీకీ కనిపించవు.

ఎస్‌ఓపీ, లేఖలు

‘చిన్నప్పుడు ఇసుకలో పిచ్చుక గూళ్లు కట్టేదాన్ని’ అని మొదలుపెట్టకండి. అందరం కట్టాం. ఈ సరికే మీ చేతిలో ఉన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆ ప్రశ్న ఎక్కడ ఎదురైంది, దాన్ని తేల్చుకోవడానికి ఇప్పటిదాకా ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఆ పాఠశాలలో ఏ స్టూడియో (డిజైన్ తరగతి) లేదా ఏ ప్రయోగశాల ఆ ముడి విప్పగలదు. ఈ నాలుగూ క్రమంగా రాస్తే ఒకటిన్నర పేజీ అవుతుంది. కన్సల్టెన్సీలో రాయించుకునే వాళ్లున్నారు. ఇంజనీరింగ్ ఎస్‌ఓపీలో సబ్జెక్టు పేరు మార్చి ఇచ్చిన వాటిని నేనే చూశాను, ఒకదాంట్లో ‘అల్గారిథమ్’ అన్న మాట అలాగే మిగిలిపోయింది.

సిఫారసు లేఖలు మూడు. ‘నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను’ అనే గురువులు ప్రతి కాలేజీలో ఉంటారు. మూడు లేఖలూ ఒకే గొంతుతో ఉంటే అవి ఎవరు రాసినవో పట్టుకోవడం కష్టమేమీ కాదు. అందుకని గురువుకు ఒక పేజీ జ్ఞాపిక ఇవ్వండి: ఏ సెమిస్టరులో ఏ స్టూడియో చేశారు, ఏ జ్యూరీలో ఏమన్నారు, తర్వాత మీరు ఏం మార్చారు. దాన్ని చూసి ఆయన పది నిమిషాల్లో సొంత మాటల్లో రాయగలరు. హెచ్‌ఓడీ హోదా కంటే మీ థీసిస్ గైడ్ జ్ఞాపకం విలువైనది. కాలేజీ మెయిల్ నుంచే అప్‌లోడ్ చేయమని వినయంగా అడగండి. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తు చేయండి. నాకు రాసిన ఒక లేఖలో నా పేరు బదులు నా స్నేహితుడి పేరు వెళ్లింది. ఆ పాఠశాల నన్ను తీసుకోలేదు, ఎందుకో నేను అడగలేదు.

గడువు అమెరికా తూర్పు కాలమానంలో రాత్రి 11:59 అంటే చలికాలంలో మనకు మర్నాటి ఉదయం 10:29. రెండు రోజుల ముందే పంపేయండి. చివరి రాత్రి సర్వరుతో పాటు కార్డు కూడా మొరాయిస్తుంది.

జవాబులు వచ్చాక

ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా మెయిళ్లు వస్తాయి. ఎక్కువ చోట్ల ఏప్రిల్ 15 నాటికి జవాబు చెప్పాలి, కొన్ని ఇంకా ముందే అడుగుతాయి. ఈ కొద్ది వారాల్లో ఇంట్లో ర్యాంకుల గొడవ మొదలవుతుంది. అప్పుడు కాగితం తీసుకుని రూపాయల్లో లెక్క వేయండి.

పోచంపల్లి సెక్షన్ గీసిన అమ్మాయికి రెండు ఆఫర్లు వచ్చాయి. అంకెలు కాస్త గుండ్రం చేసి చెబుతాను. మొదటిది మహానగరంలో, మామయ్యలకు కూడా తెలిసిన పేరు. మూడు సెమిస్టర్లు, మొత్తం ఫీజు 95,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 10,000, పన్నెండు నెలలకు నెలకు 2,800 చొప్పున ఖర్చు. మొత్తం 1,18,600 డాలర్లు. రెండోది చిన్న ఊళ్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రెండేళ్లు, ఫీజు 96,000, స్కాలర్‌షిప్ 40,000, ఖర్చు నెలకు 1,500. మొత్తం 92,000. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే ఒకటి దాదాపు కోటీ ఏడు లక్షలు, ఇంకోటి దాదాపు 83 లక్షలు.

ఇప్పుడు అప్పు. పదేళ్లకు 11 శాతం వడ్డీ మీద లక్షకు నెల వాయిదా దాదాపు 1,378 రూపాయలు. మొదటిదానికి నెలకు లక్షా 47 వేలు, రెండోదానికి లక్షా 14 వేలు. చదివే రోజుల్లో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. ఈ అంకెను అమెరికా జీతంతో కాదు, హైదరాబాదులో మూడేళ్ల అనుభవమున్న ఆర్కిటెక్టు జీతంతో పోల్చండి. తిరిగి రావాల్సి వస్తే కట్టాల్సింది దాంతోనే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అలాంటి ప్రకటనలు మీ కోర్సు నడిచే రెండేళ్లలో ఇంకెన్ని వస్తాయో లెక్కలోకి తీసుకోకుండా నాన్నగారి ఇల్లు తనఖా పెట్టకండి.

స్కాలర్‌షిప్ పెంచమని అడగడం తప్పు కాదు. ఒక చిన్న మెయిల్ చాలు: చేరాలని గట్టిగా ఉంది, ఇంకో చోట ఇంత ఇస్తున్నారు, ఆ ఆఫర్ కాగితం జతచేశాను, మరోసారి పరిశీలించగలరా. ఆమె రెండు చోట్లకూ రాసింది. పెద్ద పేరున్న చోటి నుంచి మర్యాదగా కాదన్నారు. రెండో చోట పరిశోధన సహాయకురాలిగా వారానికి పది గంటల పని ఇచ్చారు.

డబ్బు ఒక్కటే కాదు కదా అంటారా? నిజమే. అందుకే ఇప్పుడు అక్కడ చదువుతున్న ఇద్దరితో మాట్లాడాలి, పాఠశాల చూపించే ఇద్దరితో కాదు, మీరు వెతికి పట్టుకున్న ఇద్దరితో. మన వాళ్లు ఎక్కడైనా ఒకరైనా ఉంటారు. వారానికి ఎన్నిసార్లు గురువు మీ డెస్కు దగ్గరికి వస్తారు, నేను ఎవరి కోసం వస్తున్నానో ఆయన వచ్చే ఏడాది సెలవులో ఉంటారా, పోయిన ఎండాకాలం మీ బ్యాచ్‌లో ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది, మోడల్ సామగ్రికీ ప్రింట్లకూ సెమిస్టరుకు ఎంతవుతుంది. ఈ ప్రశ్నలు అడగండి. చివరి ప్రశ్నకు వాళ్లు ఎంతసేపు నవ్వితే అంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఆమె ఈ ప్రశ్నలు అడిగాకే, పెద్ద పాఠశాలలో తనను ఆకర్షించిన ప్రొఫెసరు ఆ ఏడాది పాఠం చెప్పడం లేదని తెలిసింది. ఏప్రిల్ 12న రెండోదానికి డిపాజిట్ కట్టింది. వాళ్ల మామయ్య ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయం పేరు సరిగ్గా పలకరు.

డిపాజిట్ ఎక్కువ చోట్ల తిరిగి రాదు, కాబట్టి రెండు చోట్ల కట్టకండి. కట్టాక ఐ-20 తెప్పించుకుని, కోడ్ అంకె చూసి, విదేశీ విద్యార్థుల నమోదుకు 350 డాలర్ల సెవిస్ రుసుము కట్టి, వీసా ఇంటర్వ్యూ తేదీ పట్టుకోండి.

వద్దనుకున్న పాఠశాలలకు అదే రోజు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. వెయిటింగ్ లిస్టులో ఉన్న వాళ్లకు ఆ సీటు కదిలేది అప్పుడే. నాకు సీటు వచ్చింది అలాగే, ఏప్రిల్ 19న, ఎవరో వద్దన్నాక.